క్రియకు రెండు విరుపులు: పాతబస్తీ నుంచి పారిస్ దాకా

క్రియాపదాన్ని విరవడానికి రెండు దారులు ఉన్నాయి. నోరు ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విరవడం మొదటిది, అర్థాన్ని మోసే ముక్కలుగా విరవడం రెండోది. మొదటి రకం ముక్కను ఇంగ్లీషు చదువుల్లో సిలబుల్ అంటారు; తెలుగులో దానికి అక్షరమనే మాట ఉన్నా, కాగితం మీద కనిపించే అక్షరమూ చెవికి వినిపించే అక్షరమూ చాలాచోట్ల వేరుగా ఉంటాయి కనుక ఇక్కడ దానిని ‘పలుకు’ అని పిలవడం మేలు. కర్పూరపు పలుకు, జీడిపలుకు అన్నప్పుడు ఆ మాటకున్న చిన్న ముక్క అనే అర్థం తెలుగువారికి ఎలాగూ తెలిసినదే. రెండో రకం ముక్కకు భాషాశాస్త్రజ్ఞులు పదాంశమని పేరు పెట్టారు: ధాతువు ఒక పదాంశం, కాలాన్ని తెలిపే ప్రత్యయం ఒకటి, కర్త ఎవరో తెలిపే చివరి ముక్క మరొకటి. ఈ రెండు విరుపులూ తరచు ఒకే చోట పడవు. ఎందుకు పడవో, పడని చోట భాష ఏం చేస్తుందో చూడడమే ఈ ఉపన్యాసపు పని.

డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ (1905-1962) స్మృతికి అంకితమైన ప్రసంగానికి ఈ విషయం ఎంతో తగినది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, లండన్‌లో 1929లో డాక్టరేటు పొందిన జోర్ అక్కడితో ఆగక పారిస్ వెళ్లి ధ్వనిశాస్త్రం అభ్యసించారు. ఆయన రాసిన ‘హిందుస్తానీ ఫొనెటిక్స్’ 1930లో ఆ నగరంలోనే వెలువడింది. తిరిగివచ్చిన తరువాత 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ అనే సంస్థను నెలకొల్పారు, 1932లో ‘హిందుస్తానీ లిసానియాత్’ అనే భాషాశాస్త్ర గ్రంథాన్ని ఉర్దూలో తెచ్చారు, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితల సంపుటాన్ని పరిష్కరించి 1940లో ప్రచురించారు. నగరం ఆయనను సాహిత్య చరిత్రకారుడిగా, పాత రాతప్రతుల సంరక్షకుడిగా గుర్తుపెట్టుకుంది. దక్కను నోటి ధ్వనులను పారిస్ దాకా తీసుకువెళ్లిన ధ్వనిశాస్త్రజ్ఞుడిగా ఆయనకు దక్కవలసిన గౌరవం మాత్రం ఇంకా దక్కలేదు.

ఆయన వెళ్లేనాటికి పారిస్‌లో ధ్వనిశాస్త్రం యంత్రాలతో చేసే శాస్త్రంగా స్థిరపడి ఉంది. 1924లో మరణించిన అబ్బే రూస్లో అనే క్రైస్తవ గురువు ఆ పద్ధతికి ఆద్యుడు. ఆయన సొంత ఊరి మాండలికాన్ని ఎన్నో ఏళ్లు పరిశీలించి, పలికే గాలిని గీతగా మార్చే పరికరాలను వాడుకలోకి తెచ్చారు. పొగమసి పట్టించిన కాగితాన్ని గుండ్రంగా తిరిగే డోలుకు చుట్టి, మాట్లాడే మనిషి నోటి దగ్గర రబ్బరు గొట్టం ఉంచితే, ఊపిరి ఒత్తిడికి సన్నని ములుకు కదిలి ఆ మసిమీద తెల్లని గీత గీస్తుంది. ఆ గీతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. రాతలో మనిషి వదిలే ఖాళీ నోటిలో లేదని, వ్యాకరణం చెప్పే విభజన ఒకటైతే ఊపిరి చేసే విభజన మరొకటని ఆ మసి కాగితం కళ్లకు కట్టింది.

పాతబస్తీలో వినిపించే దక్కనీ ఉర్దూ క్రియలను ఈ చూపుతో చూస్తే ఎంతో సంపద బయటపడుతుంది. ‘వస్తున్నాను’ అనడానికి గ్రాంథికమైన ఉర్దూలో ‘ఆ రహా హూం’ అని మూడు మాటలు కావాలి. పెళ్లిపత్రికలకు, ఉర్దూ దస్తూరికి పేరుపడిన ఛత్తాబజారులో కాతిబు, అంటే అందంగా రాసే లేఖకుడు, ఆ మూడు మాటలనూ విడివిడిగానే రాస్తాడు. అదే వీధిలో నోరు మాత్రం ‘ఆరౌం’ అని రెండే పలుకుల్లో ముగిస్తుంది. మధ్యలోని ‘రహా’ అనే మాట ‘ఉండడం’ అనే అర్థంగల రహనా క్రియనుంచి వచ్చినది. చివరి ‘హూం’ ఉనికిని తెలిపే హోనా క్రియకు ఉత్తమ పురుష రూపం. నోటిలో ఈ రెండిటి హకారాలూ జారిపోయాక, మిగిలిన ఆకారమూ ఊకారమూ కలిసి ఔకారమైనాయి. పదాంశాలుగా విరిస్తే ‘ఆ’ ధాతువు, ‘ర్’ పని సాగుతున్నదనే సూచన, ‘ఔం’ పలికేవాడి గుర్తు. స్త్రీ నోట ఆకారానికి బదులు ఈకారం ఉంటుంది కనుక ‘ఆరీ’ అని వినిపిస్తుంది.

ఒకనాడు ఒక పూర్తి క్రియగా బతికిన మాటలో చివరికి మిగిలింది ఒక్క రేఫ. ఆ ఒక్క హల్లు ఎంత బరువు మోస్తున్నదో తెలియడానికి దాని పక్కన ‘ఆతౌం’ అనే రూపాన్ని పెట్టి చూడాలి. ‘ఆతా హూం’ కుదించుకుపోగా ఏర్పడిన ఈ రూపానికి సందర్భాన్నిబట్టి ‘వస్తుంటాను’ అనో ‘వస్తాను’ అనో అర్థం. ‘ఆరౌం’ అంటే దారిలో ఉన్నాడు, ‘ఆతౌం’ అంటే ఇంకా బయలుదేరలేదు. మొదటి పలుకు ఒకటే, చివరి అచ్చు ఒకటే. ఈ రెండు అర్థాల మధ్య తేడా అంతా రకారానికీ తకారానికీ ఉన్న తేడా మీదనే నిలిచింది. ‘కర్రౌం, కర్తౌం’ అనే జంటలోనూ ఇదే వరస.

ఈ కుదింపును బద్ధకమని, తప్పు ఉర్దూ అని, చదువులేని నోటి మాట అని అనేవారు నగరంలోనూ నగరం వెలుపలా ఉన్నారు. ఆ మాట నిలవదు. తోచినట్టు జారిన మాట మనిషికొక తీరుగా జారుతుంది. ఇక్కడ అచ్చుల నడుమ హకారం ఒకే పద్ధతిలో జారింది. ‘కహాం’ అనే ప్రశ్నార్థకం ‘కాం’ అయింది, ‘యహాం’ అనేది ‘యాం’ అయింది, ‘నహీం’ అనేది ‘నై’ అయింది. ‘కాం జారే’ అని అడిగే పిల్లవాడు ‘కహాం జా రహే’లో హకారం ఉన్న రెండు మాటల్లోనూ ఒకే సూత్రాన్ని పాటిస్తున్నాడు. అంతేకాదు, ఆ కుదింపు అర్థాన్ని చెరపలేదు: ధాతువు చెక్కుచెదరలేదు, కాలం గుర్తు పోలేదు, కర్త గుర్తు పోలేదు. మూడు పదాంశాలూ రెండు పలుకుల్లో సర్దుకున్నాయి, అంతే. సూత్రం ఉన్నచోట వ్యాకరణం ఉంది, వ్యాకరణం ఉన్నచోట భాష ఉంది.

ఇక ఫ్రెంచి. ఆ భాషలో ‘ఇవ్వడం’ అనే క్రియకు ధాతువు ‘దొన్’. ‘ఇస్తున్నాము’ అనడానికి ‘దొనోఁ’ అంటారు. అందులో చివరి ‘ఓఁ’ అనే ముక్కుపలుకు ‘మేము’ అనే కర్తకు గుర్తు. అర్థాన్నిబట్టి విరిస్తే ‘దొన్, ఓఁ’ అని, పలుకునుబట్టి విరిస్తే ‘దొ, నోఁ’ అని వస్తుంది. హల్లు అచ్చుల నడుమ పడితే అది తరువాతి అచ్చును ఆశ్రయించడం ఫ్రెంచి స్వభావం కనుక, ధాతువు చివరి నకారం ధాతువును వదిలి ప్రత్యయంతో కలిసింది. ‘ఇస్తాము’ అనే భవిష్యత్తు రూపం ‘దొనెరోఁ’ అని రాతలో ఉన్నా, మామూలు మాటలో నడుమనున్న బలహీనమైన అచ్చు రాలిపోయి ‘దొన్, రోఁ’ అని రెండే పలుకులుగా వినిపిస్తుంది. ఇప్పుడు అదే నకారం వెనక్కి వచ్చి ధాతువు పక్కనే నిలిచింది. ‘ఇచ్చేవాళ్లం’ అని షరతుతో చెప్పేటప్పుడు రేఫ తరువాత ఒక యకారం చేరుతుంది. రేఫయకారాల జంటకు ముందు ఆ బలహీనమైన అచ్చును రాల్చడం ఫ్రెంచి నోటికి కుదరదు కనుక, రాలినది తిరిగివచ్చి ‘దొ, నె, ర్యోఁ’ అని మూడు పలుకులు అవుతాయి. ఒకే ధాతువు, ఒకే కర్త. అయినా నకారం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు, మళ్లీ ముందుకు నడిచింది. ఫ్రెంచి నేర్చే తెలుగు విద్యార్థి పట్టికలను బట్టీ పట్టి అలసిపోయేది ఇక్కడే. పట్టిక రాతను చూపిస్తుందే తప్ప ఈ నడకను చూపించదు.

పలుకు విరుపు ధాతువులోని అచ్చును మార్చే సందర్భాలూ ఆ భాషలో ఉన్నాయి. ‘లొంగిపోవడం’ అనే అర్థంగల ‘సెదే’ క్రియలో, ‘లొంగుతున్నాము’ అన్నప్పుడు ‘సె, దోఁ’ అని మొదటి పలుకు అచ్చుతో ముగుస్తుంది, ఆ ఎకారాన్ని నోరు కొంచెం మూసి పలుకుతారు. ‘లొంగుతున్నాను’ అన్నప్పుడు ‘సెద్’ అని హల్లుతో ముగిసే ఒకే పలుకు మిగులుతుంది, అప్పుడు ఎకారానికి నోరు విప్పాలి. రాతలో ఆ ఎకారం నెత్తిన ఉండే గీత వాలు మారడానికి కారణం ఇదే. ఇక, ‘వాళ్లకు ఉంది’ అనే ‘ఇల్-జోఁ’లోనూ ‘వాళ్లు ఉన్నారు’ అనే ‘ఇల్-సోఁ’లోనూ తేడా ఒక్క హల్లుదే, మొదటిదానిలోని జకారం నిజానికి ముందున్న సర్వనామపు బహువచన చిహ్నం, రాతలో అక్కడే ఉండి, పలుకులో మాత్రం గడప దాటి క్రియతో కలుస్తుంది. అచ్చు ఎదురైతేనే బయటపడే ఇటువంటి హల్లు తెలుగు వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. ద్రుతమనే నకారపు నడత దీనికి బాగా దగ్గరగా ఉంటుంది.

ఫ్రెంచి భవిష్యత్తు రూపం పుట్టుక దక్కనీ ‘ఆరౌం’ పుట్టుకకు అద్దం పట్టినట్టు ఉంటుంది. లాటిన్ భాషలో ‘ఇవ్వడం’ అనే తుమున్నంత రూపానికి ‘కలిగి ఉండు’ అనే క్రియను చేర్చి, ఇవ్వవలసి ఉన్నది అనే అర్థంలో వాడేవారు. కాలక్రమాన ఆ రెండో క్రియ అరిగి ప్రత్యయమైంది, మొదటి రూపం చివరి రేఫ భవిష్యత్తుకు గుర్తుగా మిగిలింది. ఈ అతుకు పడిన తొలి రూపాల్లో ఒకటి ఫ్రెదెగార్ పేరుతో ఉన్న 7వ శతాబ్దపు చరిత్రగ్రంథంలో కనిపిస్తుంది. ‘ఇస్తావు’ అనే అర్థంగల ‘దారాస్’ అనే ఆ మాటను రచయిత ఒక నగరానికి పేరు ఎలా వచ్చిందో చెప్పడానికి వాడాడు: ఓడిన పారశీక రాజు తాను ఇవ్వనన్నాడట, జస్టీనియన్ చక్రవర్తి ఇస్తావన్నాడట, అందువల్ల ఆ ఊరు దారా అయిందట. చరిత్రగా అది నిలిచే కథ కాదు. అయినా ఊరిపేరును తెలిసిన క్రియగా విరిచి చూసిన ఆ జనవ్యుత్పత్తి వల్లనే ఒక కొత్త క్రియారూపానికి సాక్ష్యం దక్కింది.

ఇటువంటి విరుపు హైదరాబాదులోనూ ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి దళాలకు నాయకత్వం వహించి 1798లో మరణించిన రేమోఁ పేరును, దానికి ముందుండే ‘మొస్యే’ అనే గౌరవ వాచకంతో సహా, జనం తమకు తెలిసిన ముక్కలుగా విరుచుకున్నారు. ముస్లిములకు ఆయన మూసా రహీమ్ అయ్యాడు, హిందువులకు మూసా రామ్ అయ్యాడు, మూసీకి దక్షిణాన మలక్‌పేట దగ్గర ఆయన సమాధి ఉన్న ప్రాంతం మూసారాంబాగ్ అయింది. పరాయి పలుకుల వరసను విన్న చెవి అందులో తన పదాంశాలనే వెతుక్కుంటుంది.

తెలుగు క్రియ ఈ రెండిటికీ భిన్నమైన పద్ధతిని ఎంచుకుంది. పాత రూపం ‘వచ్చినాడు’ అన్నదాన్ని పదాంశాలుగా విరిస్తే ‘వచ్చ్’ ధాతువు, ‘ఇన్’ భూతకాలపు గుర్తు, ‘ఆడు’ కర్త గుర్తు. కోస్తాలో నడిమి నకారం పోయి ‘వచ్చాడు’ అయింది. తెలంగాణలో నకారం నిలిచి, దాని తరువాతి దీర్ఘం పోయి ‘వచ్చిండు’ అయింది. రాయలసీమలో ‘వచ్చినాడు’ ఇప్పటికీ వినిపిస్తుంది. భూతకాలపు గుర్తును స్పష్టంగా కాపాడినవి తెలంగాణ, రాయలసీమ రూపాలే; కోస్తా రూపంలో అది కర్త గుర్తులో కరిగిపోయింది. ఏది ప్రామాణికం, ఏది యాస అనే తూకం వేసేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు.

‘వచ్చిండు’ను పలుకులుగా విరిస్తే ‘వచ్, చిం, డు’ అని వస్తుంది. జంట చకారంలో ఒకటి మొదటి పలుకుకు, ఒకటి రెండో పలుకుకు పోయి ధాతువు నడిమికి చీలింది. రెండో పలుకులో ధాతువు తోకా కాలం గుర్తూ కలిసి కూర్చున్నాయి. దక్కనీ ‘ఆరౌం’లో ధాతువు చెక్కుచెదరక, కాలమూ కర్తా ఒకే పలుకులో ఇమిడితే, తెలుగులో ధాతువు చీలి, కర్త గుర్తు ‘డు’ స్వతంత్రంగా నిలిచింది. తెలుగులో ‘వాడు’ అనకుండానే వాక్యం నడవడానికి ఆ చివరి పలుకు అంత స్పష్టంగా ఉండడం కారణం. ఫ్రెంచిలో ‘మాట్లాడు’ క్రియకు నేను, నువ్వు, వాడు, వాళ్లు అనే నాలుగు కర్తలకూ వర్తమానంలో ‘పార్ల్’ అనే ఒకే ధ్వని వినిపిస్తుంది, కర్త తేడా రాతలోనే ఉంటుంది. అందుకే అక్కడ సర్వనామం లేకుండా క్రియ నోరు విప్పదు.

తెలుగు లిపిలో రెండు చకారాలూ ఒకే గుర్తులో, ఒకదాని కింద ఒకటిగా, తరువాతి అచ్చుతో కలిసి ఉంటాయి కనుక ఈ చీలిక కంటికి కనపడదు. అయితే ఛందస్సు దానిని ఎన్నడూ మరువలేదు. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువవుతుందనే సూత్రానికి ధ్వనిశాస్త్రం చెప్పే కారణం, జంటలోని మొదటి హల్లు వెనకటి పలుకులో చేరి దానిని బరువెక్కించడమే. లిపి దాచినదాన్ని పద్యపు గణవిభజన వందల ఏళ్లుగా చెవికి అప్పజెబుతూ వచ్చింది. పదాంశాల విరుపును చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) క్రియాపరిచ్ఛేదంలో గ్రాంథిక రూపాలకు చేసి చూపింది. ఆధునిక పద్ధతిలో తెలుగు ధాతువుల నిర్మాణాన్ని, వాటి చరిత్రను వివరించిన గ్రంథం భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’. ఆయన 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. జోర్ శ్రీనగర్‌లో కన్నుమూసింది కూడా ఆ ఏడే.

దక్కనీ క్రియను విరిచి చూస్తే బయటపడే మరొక సంగతి ఈ నగరానికి అన్నిటికంటె విలువైనది. ‘మైం బోలాసో బాత్’ అనే మాటలో ప్రతి ముక్కా ఉత్తరాది భాషలదే, కాని వాటిని పేర్చిన వరస ‘నేను చెప్పిన మాట’ అనే తెలుగు వరస. ‘సో’ అనే ముక్క చెప్పిన అనే క్రియాజన్య విశేషణం చేసే పనిని చేస్తున్నది. ‘ఆతౌం బోల్కే బోలా’ అంటే ‘వస్తానని చెప్పాడు’. ఇందులో ‘బోల్కే’ అనే మాట ‘అని’ అనే తెలుగు మాట నిలిచే చోటనే, అది చేసే పనికే నిలిచింది. రెండూ ‘చెప్పి’ అనే అర్థంగల క్రియలనుంచే పుట్టాయి. ‘ఉండు’ క్రియను చేర్చి ‘వస్తూ ఉన్నాడు’ను ‘వస్తున్నడు’గా, ‘వస్తుండు’గా కుదించే తెలంగాణ నోటికీ, రహనాను చేర్చి ‘ఆరా’ అనే నోటికీ ఎన్నో తరాలుగా గోడ ఒకటే, బావి ఒకటే, బజారు ఒకటే. లాల్‌దర్వాజాలో, గౌలిపురాలో, శాలిబండలో ఒకే ఇంటి గడపలో ఈ రెండూ వినిపిస్తాయి. పలుకులను మాత్రమే విన్నవారికి అవి రెండు భాషలు. పదాంశాల వరసను చూసినవారికి అవి ఎంతోకాలంగా ఒకదాన్నొకటి వింటూ ఎదిగిన భాషలు.

బడిలో జరిగేది దీనికి వ్యతిరేకం. పదవిభాగమంటే సంధి విడదీయడమని, అక్షరవిభాగమంటే గురులఘువులు గుర్తించడమని రెండు వేరు గదుల్లో నేర్పి, ఒకే క్రియను రెండు విధాలా విరిచి పక్కపక్కన పెట్టి చూపడం అరుదు. పాతబస్తీ పిల్లవాడికి ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, పుస్తకంలో ప్రామాణిక ఉర్దూనో ఇంగ్లీషో ఎదురవుతాయి. వాటిలో తన నోటి రూపాలే తప్పని అతడికి మొదట చెబుతారు. ‘ఆరౌం’కు ‘ఆ రహా హూం’తో ఉన్న సంబంధం, ‘దొన్‌రోఁ’కు రాతలోని ‘దొనెరోఁ’తో ఉన్న సంబంధం వంటిదేనని చెప్పగల ఉపాధ్యాయుడు ఉంటే, ఆ పిల్లవాడు తన ఇంటి మాటను దాచుకోవలసిన పని ఉండదు. 1958లో మొదలై నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ ఈ నగరంలోనే ఉంది. అక్కడ ఫ్రెంచి చదివేవారికి దక్కనీ ఉదాహరణలతో ఈ పాఠం చెప్పడానికి కొత్త భవనాలు అక్కరలేదు.

ఒక పని మాత్రం వెంటనే జరగాలి. వృత్తులవారీగా, మండలాలవారీగా తెలుగు మాటలను సేకరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వెలువడింది; ఆ పద్ధతిలోనే పాతబస్తీ క్రియారూపాలను, దక్కనీవీ తెలుగువీ కలిపి, వీధివీధిన నోటినుంచి విని, పలుకు విరుపూ పదాంశ విరుపూ రెండూ పక్కపక్కన ఇచ్చి, తెలుగు లిపిలోనూ ఉర్దూ లిపిలోనూ ముద్రించాలి. శాలిబండలోనో హరిబౌలిలోనో ఈ రూపాలను సహజంగా పలికే పెద్దలు ఇంకా ఉన్నారు. వారి మనవలు టెలివిజన్ హిందీకి అలవాటుపడుతున్నారు. ఈ సభలో ఉన్న విద్యార్థులు ఒక్కొక్కరు తమ ఇంటి పెద్దల నోట విన్న ఇరవై క్రియలను రాసుకొని, ప్రతిదాన్నీ రెండు విధాలా విరిచి తెస్తే, ఆ కోశానికి మొదటి పుటలు సిద్ధమవుతాయి.